స్విచ్చి ఒక గదిలో, దీపం ఇంకో గదిలో

ఆ రోజు పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఒక ఏజెంటు వస్తాడు, నాలుగు గంటలకు ఇంకో ఏజెంటు వస్తుంది. ఇద్దరికీ ఇల్లు చూపించాలి, ఇద్దరు చెప్పేదీ వినాలి, చీకటిపడే లోపల ఒకరిని ఖాయం చేసుకుని ఇల్లు అమ్మిపెట్టే భారం వాళ్ళ నెత్తిన పెట్టేయాలి. మధ్యలో వీలు చూసుకుని మూడు స్కూలు చొక్కాలకు గుండీలు కుట్టాలి. గుండీలతో సహా ఏదీ అనుకున్నట్టు జరగలేదు.

ఇల్లు చెడ్డదేం కాదు. కింద హాలు, వంటిల్లు, పడకగది, వెనక పంచ. పైన ఒక మేడగది. గోడలు గట్టివి, గాలి ధారాళం. చిక్కల్లా కరెంటుతోనే. ఆమె భర్త ఎలక్ట్రీషియన్. ఊళ్ళో సగం ఇళ్ళకు వంకపెట్టే వీల్లేకుండా వైరింగు చేసిన మనిషి. సొంతింటికి మాత్రం ఊళ్ళో వాడగా మిగిలిన వైరు ముక్కలు, ఊళ్ళో పనులకు పోగా మిగిలిన తీరిక దక్కాయి. ఒక్కో గదీ కట్టుకుంటూ పోయినప్పుడల్లా దగ్గర్లో ఏ వైరు కనిపిస్తే దానికి కలిపేశాడు. అందుచేత హాల్లో స్విచ్చి వేస్తే స్నానాలగదిలో దీపం వెలుగుతుంది. హాల్లో దీపం వెలగాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. మంచం పక్కన, నిద్రమత్తులో చెయ్యి చాపితే అందే స్విచ్చి నీళ్ళ మోటారుది. మేడగదిలో స్విచ్చి వేస్తే పైన ఏమీ జరగదు గాని కింద వీధిగుమ్మం గంట మోగుతుంది. ఆపేదాకా మోగుతూనే ఉంటుంది.

"ఎవరన్నా వింటే నవ్విపోతారండీ" అని ఆమె పోట్లాడినప్పుడల్లా, "ఇంట్లో ఉండేది మనిద్దరమేగా, మనకు తెలిస్తే చాల్లే" అనేవాడు ఆయన. పిల్లల్లేని ఆ ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళు ఆ ఇల్లు తెలిసింది. ఎనిమిది నెలల కిందట ఎవరింట్లోనో పని ముగించి, దీపం వేసి చూసి, వెలిగిందని ఇంటావిడతో చెప్పి, నిచ్చెన పక్కన కూర్చున్న ఆయన మళ్ళీ లేవలేదు. ఆ ఇల్లు తెలిసిన మనిషి ఇక ఆమె ఒక్కతే.

అక్క వాళ్ళింటి కింద వీధివైపు గది ఖాళీ అయింది. మిషను వేసుకోవడానికి వీలుగా ఉంటుంది. "నెలాఖరుదాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానే. ఆ తర్వాత మీ బావ ఊరుకోరు. ఒక్కదానివీ ఆ ఇంట్లో ఎన్నాళ్ళని కూర్చుంటావు?" అంది అక్క. ఇల్లు అమ్మకుండా తాళం వేసుకుని వెళ్ళొచ్చు కదా అంటే, అలా వెళితే రోజూ తిరిగొచ్చి తాళం తీసి కూర్చుంటుందని ఆమెకే తెలుసు. ఉండలేకపోతోంది, వదల్లేకపోతోంది. ఇల్లు అమ్ముడుపోతే తప్ప తనకు అడుగు పడదని తేల్చుకుంది. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ ఇల్లు కొనేవాడే దొరకలేదు. అంతకుముందు నలుగురు వచ్చి చూశారు. వాళ్ళు వేసినచోట దీపం వెలగలేదు, వేయనిచోట వెలిగింది. ఇంటాయన ఎలక్ట్రీషియననీ, ఈ మధ్యే పోయాడనీ పక్కింటివాళ్ళు చెప్పేసరికి నలుగురూ ఒకే నిర్ణయానికి వచ్చారు. ఆ తర్వాత వీధి వీధంతా చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టింది.

అందుకని ముందురోజు సాయంత్రం ఆమె తనకు తెలిసిన విద్యనే వాడింది. కుట్టుపని చేసేవాళ్ళు ఇచ్చిన గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి రశీదుకు గుచ్చుతారు. ముక్కను బట్టి ఏ రశీదు ఏ గుడ్డదో ఇట్టే తెలిసిపోతుంది. ఆమె కూడా హాలు దీపానికి నీలి గుడ్డముక్క కట్టి, దాని జోడీ ముక్కను వంటింట్లో ఉన్న దాని స్విచ్చికి కట్టింది. పడకగది దీపానికి ఆకుపచ్చ, మేడగది దీపానికి పసుపు. ఇరవై రెండు స్విచ్చులకు ఇరవై రెండు ముక్కలు. మిషను పక్కనున్న స్విచ్చికి మాత్రం ఏమీ కట్టలేదు. అది వెనక పంచలో ఆయన పనిబల్ల మీది దీపానిది. దాన్ని ఎనిమిది నెలలుగా ఆమె ముట్టుకోలేదు.

తెల్లారి ఎనిమిదింటికి ధైర్యం చెప్పడానికి తమ్ముడు వచ్చాడు. సాయం చేయాలన్న ఉబలాటం తప్ప అతనిలో ఇంకే లోపమూ లేదు. ఆమె రెండు వీధుల అవతల ఎవరికో చొక్కా ఇచ్చి రావడానికి వెళ్ళగానే ఇల్లంతా ఊడ్చాడు, బూజు దులిపాడు, ఎక్కడ చూసినా వేలాడుతున్న చింపిరి గుడ్డముక్కల్ని స్విచ్చుల మీదనుంచి పీకి జేబులో కుక్కుకున్నాడు. దీపాలకు కట్టినవి అందక వదిలేశాడు. అంతలో ఫోను మోగింది. టైలరమ్మే.

"ఒరేయ్, స్విచ్చులకు కట్టిన ముక్కలు జాగ్రత్తరా. వాటిని ముట్టుకోకు. ఇవాళ నా బతుకంతా వాటిమీదే ఉంది."

"ఛ, నేనెందుకు ముట్టుకుంటానక్కా!" అన్నాడు తమ్ముడు. ఏ ముక్క ఏ స్విచ్చిదో అతనికి గుర్తులేదు. అయినా బుర్ర ఉన్నవాడే కాబట్టి ఆలోచించాడు. హాలు దీపానికి నీలం ఉంది కనుక నీలిముక్కను హాలు స్విచ్చికి కట్టాడు. పడకగది దీపానికి ఆకుపచ్చ ఉంది కనుక మంచం పక్కన స్విచ్చికి ఆకుపచ్చ. మేడగది స్విచ్చికి పసుపు. ఎవరింట్లోనైనా ఆ లెక్క తప్పేది కాదు. టైలరమ్మ తిరిగొచ్చి, అన్ని స్విచ్చులకూ ముక్కలు వేలాడుతుండడం చూసి నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది.

పది కొట్టేసరికి కోటు వేసుకున్న ఏజెంటు దిగాడు. వెంట ఒక రిటైరైన బ్యాంకు క్యాషియరూ, ఆయన భార్యా ఉన్నారు.

"ఇంకా మిమ్మల్ని ఖాయం చేసుకోలేదండీ. అప్పుడే బేరం తెచ్చేశారేమిటి?" అంది టైలరమ్మ.

"బేరం కళ్ళముందుంటే ఏజెంటును ఖాయం చేసుకోవడం సులువు మేడం" అన్నాడు కోటాయన.

ఆమె గుడ్డముక్కల సంగతి వివరించబోయింది. "నీలానికి నీలం, పచ్చకు పచ్చ, అంతేకదా? చూసుకుంటాను. మీరెళ్ళి వంటింట్లో కూర్చోండి మేడం. ఇంటివాళ్ళు నోరు తెరిస్తే బేరం చెడుతుంది" అన్నాడు. క్యాషియరుగారు ముందు స్నానాలగది చూస్తానంటే, ఆమె దానికున్న ముక్కవైపు చూడకుండానే, అలవాటు కొద్దీ హాలు స్విచ్చి వేసి ఆయన్ను లోపలికి పంపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన తలుపు వేసుకుని కుళాయిలు తిప్పి చూసుకోసాగాడు.

కోటాయన క్యాషియరు భార్యకు పడకగది చూపిస్తూ ఆకుపచ్చముక్క ఉన్న స్విచ్చి వేశాడు. దీపం వెలగలేదు. వెనక ఎక్కడో గుయ్యిమని శబ్దం వచ్చింది. "బల్బు పోయినట్టుంది, చిన్న విషయం. ఆ చప్పుడా? పక్కింటివాళ్ళదిలెండి" అని స్విచ్చి అలాగే వదిలేసి, ఆవిడను మేడమీదికి పంపించాడు. మోటారు చప్పుడు గుర్తుపట్టి టైలరమ్మ చెబుదామని లేచి వంటింటి గుమ్మందాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి చేతిలో గొడుగుతో ఒక పెద్దావిడ హాల్లోకి వచ్చింది.

ఆవిడే నాలుగు గంటలకు రావలసిన రెండో ఏజెంటు. చెప్పిన వేళకు వెళితే ఇల్లు ముస్తాబై కనిపిస్తుందనీ, చెప్పని వేళకు వెళితే ఉన్నదున్నట్టు కనిపిస్తుందనీ ఆవిడ పద్ధతి. ఆ సంగతి కోటాయనకు తెలియదు. ఇంకో బేరం వచ్చిపడిందనుకున్నాడు. హాలు మధ్యలో కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడిన మనిషిని చూసి ఆవిడ ఇంటాయన అనుకుంది.

"ఇంత గట్టి ఇల్లు, ఎందుకు అమ్ముకుంటున్నారు బాబూ?" అని అడిగింది గొడుగావిడ.

నేను ఏజెంటునండీ అంటే సరిపోయేది. కాని అమ్మేవాడికి ఇంటిమీద ఎంత మమకారం కనిపిస్తే కొనేవాడికి అంత గురి కుదురుతుందని కోటాయన సిద్ధాంతం. జేబురుమాలు తీశాడు.

"ఏం చెప్పమంటారండీ. వదిలి వెళ్దామంటే కాళ్ళు రావడం లేదు. ఉందామంటే అన్నం సయించడం లేదు. పొద్దున్నే లేచి ఏదో చెప్పబోతాను. పక్కన ఎవరూ ఉండరు. సాయంత్రం గేటు చప్పుడైతే వచ్చేశారనుకుంటాను. ఎవరొస్తారండీ ఇంక?" అని కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఊరుకోండి బాబూ, ఊరుకోండి" అంటూ ఆవిడ అతని భుజం తట్టింది.

టైలరమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. అతను చెప్పిన ప్రతి మాటా తనదే. సొంత అక్కతో కూడా అనని మాటలు. ఎనిమిది నెలలుగా గొంతు దాటని దుఃఖాన్ని ముక్కూమొహం తెలియని మనిషి ఇంత సులువుగా రుమాలు పెట్టుకుని చెప్పేస్తుంటే, వాడిమీద కోపం తెచ్చుకోవాలో, చెప్పినందుకు దండం పెట్టాలో ఆమెకు తెలియలేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. మోటారు మాట పూర్తిగా మర్చిపోయింది.

కోటాయనకు ఊపొచ్చింది. "ఈ హాల్లో వెలుతురు ఎలా ఉంటుందో చూడండి!" అంటూ నీలిముక్క ఉన్న స్విచ్చి నొక్కాడు. హాల్లో ఏమీ మారలేదు. స్నానాలగదిలో దీపం ఆరిపోయింది.

"ఎవరది? దీపం ఆర్పిందెవరు? ఇక్కడ మనిషున్నాడు!" అని లోపల్నుంచి క్యాషియరుగారు కేకపెట్టాడు. గడియ కోసం తడుముకుంటూ షవరు కుళాయి తిప్పుకున్నట్టున్నాడు, కేక కాస్తా పొలికేక అయింది. మేడమీద ఆయన భార్య, "ఏమండీ! ఏమైందండీ!" అంటూ కంగారుపడి, మసకగా ఉన్న ఆ గదిలో పసుపుముక్క కనిపిస్తే దాన్ని నొక్కింది. వీధిగుమ్మం గంట గణగణా మోగడం మొదలుపెట్టింది.

తమ్ముడు పరుగెత్తి తలుపు తీశాడు. ఎవరూ లేరు. మూశాడు. గంట మోగుతూనే ఉంది. మళ్ళీ తీశాడు. ఈసారి పక్కింటివాళ్ళు నిలబడి ఉన్నారు.

"గుమ్మంలో ఎవరూ లేకుండానే గంట మోగుతోందే!" అన్నారు వాళ్ళు, ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నది కళ్ళారా చూసినట్టు.

అంతలో మేడమీది ట్యాంకు నిండి పొర్లింది. నీళ్ళు మెట్లమీదుగా జలజలా దిగి, కోటాయన బూట్లు తడిపి, బల్లకింద మడతపెట్టిన స్కూలు చొక్కాల్లోకి ప్రవేశించాయి. కోటాయనకు పైప్రాణాలు పైనే పోయాయి. దొరికిన స్విచ్చినల్లా నొక్కుకుంటూ గోడవెంట పరుగెత్తాడు. ఒక ఫ్యాను తిరిగింది, ఇంకో ఫ్యాను ఆగింది. చివరికి మిషను పక్కన ఏ ముక్కా కట్టని స్విచ్చి నొక్కాడు. వెనక పంచలో దీపం వెలిగింది.

"అది బావ దీపం!" అన్నాడు తమ్ముడు.

"మీ బావగారెక్కడ? పిలవండి, ఇదంతా ఆయన్నే ఆపమనండి!"

"మా బావ పోయాడు కదండీ. మా అక్క మీకు చెప్పలేదా?"

కోటాయన పంచవైపు చూశాడు. పనిబల్ల దగ్గర, కొత్తగా వచ్చిన వెలుతురులో, మేకుకు వేలాడుతున్న ఖాకీ చొక్కా గాలికి అతనివైపు తిరిగింది. అతను వెనక్కి తిరిగాడు. నీళ్ళలో చప్పుడు చేసుకుంటూ, పక్కింటివాళ్ళను తోసుకుంటూ వీధిన పడ్డాడు.

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని కదిలింది. కాలికిందకు చూసుకోకుండా పడకగదిలోకి వెళ్ళి మోటారు ఆపింది. మేడెక్కి గంట ఆపింది. కిందికొచ్చి హాలు స్విచ్చి వేసింది, స్నానాలగదిలో వెలుగొచ్చింది. క్యాషియరుగారు నిలువునా తడిసి బయటికొచ్చి, భార్య చెయ్యి పట్టుకుని, "మేం అద్దింట్లోనే ఉంటాంలెండి" అని వెళ్ళిపోయాడు. వేలు తప్పకుండా ఆమె ఒక్కో స్విచ్చి దగ్గరికీ వెళ్ళడం గొడుగావిడ గోడకానుకుని చూస్తూనే ఉంది. మిగిలినవన్నీ సర్దాక ఆమె పంచలోకి వెళ్ళి, ఆ చొక్కా ముందు కాసేపు నిలబడింది.

"ఇంటాయన అలా పారిపోయాడేమిటమ్మా?" అని అడిగింది గొడుగావిడ వెనకనుంచి.

"ఆయన ఏజెంటండీ."

"మరి ఇంటాయన?"

"పోయారండీ. ఎనిమిది నెలలైంది."

గొడుగావిడ ఆ ఖాకీ చొక్కావైపు ఒకసారి చూసింది. "అయితే నేనిందాక ఓదార్చవలసిన మనిషిని వదిలేసి ఆ దొంగవెధవను ఓదార్చానన్నమాట" అంది. టైలరమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వబోయి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆవిడ గొడుగు మూలకు ఆనించి, చీపురు తీసుకుని హాల్లో నీళ్ళు బయటికి తోయడం మొదలుపెట్టింది. తమ్ముడు బకెట్టు పట్టుకుని, గుడ్డముక్కల సంగతి ఒప్పేసుకున్నాడు. అతన్ని తిట్టే ఓపిక ఎవరికీ లేదు.

ఇల్లు కాస్త ఆరాక గొడుగావిడ చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "నేను అబద్ధం చెప్పి ఇళ్ళు అమ్మనమ్మా. కొన్నాక వాళ్ళకెలాగూ తెలుస్తుంది, అప్పుడు నన్ను తిడతారు. ఇప్పుడున్నట్టు ఈ ఇంట్లో నువ్వొక్కదానివే ఉండగలవు. ఇంకొకళ్ళు ఉండాలంటే వైరింగు మొత్తం మార్చాలి. రెండ్రోజుల పని. నన్ను పెట్టుకోకపోయినా సరే, అది మాత్రం చేయించు."

"అది మారిస్తే ఆయన చేసిందేదీ మిగలదండీ" అంది టైలరమ్మ.

"మిగలదు" అంది గొడుగావిడ.

వేరే ఎవరైనా అయితే, మనసులో మిగిలుంటాడనో, పైనుంచి చూస్తుంటాడనో ఏదో ఒకటి అనేవాళ్ళు. ఆవిడ ఏమీ అనలేదు. టైలరమ్మ ఆవిడను ఏజెంటుగా ఖాయం చేసుకున్నది ఆ ఒక్క మాట విని.

మర్నాడే ఎవరో కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రెండు రోజులు ఆమె మిషను మీద తల ఎత్తకుండా కుట్టింది. గోడ పైపుల్లోంచి పాత వైర్లు లాగుతున్న చప్పుడు మిషను చప్పుడులోంచి కూడా వినిపిస్తూనే ఉంది. ఎరుపూ, నలుపూ, పసుపూ ముక్కలు కలిపి అతికిన వైర్లు కుప్పగా పడ్డాయి. "చిత్రంగా ఉందమ్మా. దారులే తిక్కగా ఉన్నాయి గాని, ఒక్క అతుకు వదులు లేదు. ఇంకో యాభై ఏళ్ళు చెక్కుచెదరదు" అన్నాడు ఎలక్ట్రీషియన్, కుప్పను గోనెసంచిలో కుక్కుతూ. సంచి ఆమే గేటుదాకా మోసింది.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, పంతొమ్మిదేళ్ళ అలవాటుకొద్దీ హాలు దీపం కోసం స్విచ్చి వేసింది. హాలు చీకటిగానే ఉంది, వంటింట్లో దీపం వెలిగింది. ఏ ఇంట్లోనైనా వెలిగేట్టు. ఆయన పోయిన రోజు కూడా ఆమె అంత ఏడవలేదు. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు, చేయవలసినవి ఉన్నాయి. ఇప్పుడు ఏమీ లేవు. పొయ్యి దగ్గర కింద కూలబడి, గొంతు పోయేదాకా ఏడ్చి, లేచి మొహం కడుక్కుంది. తర్వాత అక్కకు ఫోను చేసి, "ఆ గది నాకే ఉంచవే. వచ్చేస్తాను" అంది. వదిలి వెళ్ళకుండా ఇక ఆ ఇంట్లో ఆమెను పట్టుకునేదేమీ లేదు.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా గొడుగావిడ ఒక జంటను తీసుకొచ్చింది. ఇద్దరూ టీచర్లు, ఊరికి కొత్త. ఆవిడ వాళ్ళకు పడమటి గోడ చెమ్మ చూపించింది. ట్యాంకు చిన్నదని చెప్పింది. "ఈ ఇంట్లో దెయ్యం ఉందని వీధిలో చెప్పుకుంటారు. నేను నాలుగుసార్లు వచ్చాను, నాకు కనబడలేదు" అని అది కూడా చెప్పింది. టైలరమ్మ కంగారుగా ఆవిడవైపు చూసింది గాని, టీచర్లిద్దరూ నవ్వేశారు. లోపాలన్నీ ముందే చెప్పే ఏజెంటును వాళ్ళు అంతవరకూ చూడలేదు. ఇల్లు ఖాయమని అక్కడే మాటిచ్చారు.

వెళ్ళబోతూ ఆ టీచరు హాల్లో స్విచ్చి వేశాడు. హాల్లో దీపం వెలిగింది. ఆపాడు, ఆరింది. పడకగదిలోకి వెళ్ళి అక్కడా చూశాడు. వంటింట్లో, మేడమీద కూడా చూసి వచ్చాడు.

"ఎన్నో ఇళ్ళు చూశామండీ. ఇంత పద్ధతైన వైరింగు ఎక్కడా చూడలేదు. ఎవరు చేశారండీ?"

టైలరమ్మ నోరు తెరిచింది. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతిమీదుగా వెలిగాయి. ఆ లెక్కలోకి రాని ఇల్లు ఇదొక్కటే.

"మా ఆయనండీ" అంది.

టీచరు భార్య గొడుగావిడవైపు తిరిగింది. ఆ ఇంటి విషయంలో వాళ్ళకు ఆవిడ మాటే ప్రమాణమైపోయింది. "నిజంగా వీళ్ళాయనే చేశారా అండీ?"

గొడుగావిడ టైలరమ్మ మొహంలోకి చూసింది. ఆ మొహం అడుగుతున్నదేమిటో ఆవిడకు తెలుసు.

"అవునమ్మా. దగ్గరుండి చూశాను. మొత్తం ఆయన చేత్తో చేసిందే" అంది.

ముప్పై ఏళ్ళ వృత్తిలో ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే, దానికి కమిషన్ కూడా అడగలేదు.